పలు యంత్రములు, ఒక మాట



చౌకధరల దుకాణము ముంగిట సంచి చేతబట్టుకొని నిలుచున్నప్పుడు గాని, పింఛను కొఱకు వేలిముద్ర వేయునప్పుడు గాని, “సర్వరు పలుకుట లేదు, రేపు రండు” అను మాటను మీలో పెక్కురు వినియుందురు. ఈ సర్వరనునది యేమి, అది యెక్కడ నుండును, ఏల పలుకదు అని యడిగినచో డీలరు తల యడ్డముగా నూపును. అతనికిని తెలియదు. పట్టణమున నెక్కడనో యొక పెద్ద యంత్రమున్నదనియు, అది యప్పుడప్పుడు నిద్రపోవుననియు మనము తలంచుచుందుము. నిజము వేఱు. మన వేలిముద్రకు బదులు చెప్పునది యొక్క యంత్రము కాదు. దుకాణమునందలి చిన్న యంత్రము, సరకుల లెక్క నుంచు యంత్రములు, వేలిముద్రను సరిచూచు యంత్రములు, ఇవి యన్నియు వేఱువేఱు చోట్ల నుండి, ఒకదానితో నొకటి మాటలాడుకొనుచు, మనకు మాత్ర మొక్కటియే యైనట్లు కనుపించును. ఇంగ్లీషున దీనికి డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అని పేరు. ఈ ప్రసంగమున దీనిని ఉమ్మడి గణనవ్యవస్థ యని పిలుచుకొందము.

ఉమ్మడి కుటుంబములను నడిపినవారు మీలో ననేకులుందురు. నలుగురన్నదమ్ములు గల యింట పనికి చేతులు చాలకపోవుట యరుదు; మాట కలియకపోవుటయే కష్టము. పెద్దవాడు ఎద్దులను కొనవలదని పొలము నుండి కబురంపును. ఆ కబురు చేరకమునుపే చిన్నవాడు సంతలో నొక జతకు బయానా యిచ్చివేయును. ఇరువురును మంచివారే, ఇరువురును ఇంటి మేలు కోరినవారే. నష్టము మాత్రము ఇంటిది. యంత్రముల యుమ్మడియందును కథ యిదియే. యంత్రములను తీగెలతో కలుపుట సులభము. వానిని ఒక మాటపై నిలుపుట కష్టము. ఈ కష్టము ఎట్లు బయటపడెనో, దానికి విద్వాంసులు ఏ యుపాయములు కనుగొనిరో, ఏ కష్టము నేటికిని తీఱలేదో విన్నవించుటయే నా యుద్దేశము.

గణనయంత్రములు, అనగా కంప్యూటరులు, పుట్టిన కాలమున ఈ చిక్కు లేకుండెను. 1946వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున లోకమునకు చూపబడిన ఎనియాక్ అను యంత్రము ఒక పెద్ద గది నంతయు నాక్రమించెను. దానిలో దాదాపు 18,000 వాల్వులుండెను. దాని బరువు 30 టన్నులు. అట్టి యంత్రము ఊరి చెఱువు వంటిది. ఎవరికి నీరు కావలసినను దాని గట్టునకే పోవలెను. 1961వ సంవత్సరమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కార్బటో మొదలగువారు ఒక్క యంత్రమునే పలువురు ఒకే వేళ వాడుకొను పద్ధతిని చేసి చూపిరి. దానితో కాలువలు పెరిగెను గాని చెఱువు మాత్ర మొకటియే. అది తెగినచో అందఱి పంటయు నెండును. అయినను ఒంటి యంత్రమున నొక సుగుణము కలదు. దానికి ఒక గడియారము, ఒక జ్ఞాపకము, ఒక నిర్ణయము. అది బ్రతికియున్నచో పనిచేయును, చచ్చినచో ఊరకుండును. సగము చచ్చి సగము బ్రతికియుండు దురవస్థ దానికి సాధారణముగా లేదు.

ఒక్క చెఱువును నమ్ముకొనరాదను తలంపు కొంతవఱకు యుద్ధభయము నుండి పుట్టెను. కాలిఫోర్నియాలోని ర్యాండ్ సంస్థయందు పనిచేయుచుండిన పాల్ బరాన్ అను నతడు 1964వ సంవత్సరమున ఈ విషయమై విపులమైన వ్యాసములను ప్రకటించెను. అణుబాంబులు పడి కొన్ని వార్తాస్థానములు నశించినను, మిగిలినవి మాటలాడుకొనుట కేమి చేయవలెనని అతడు విచారించెను. తీగె లన్నిటిని ఒక్క నడిమి స్థానమునకు ముడివేసినచో, ఆ స్థానము కూలిన క్షణమున సర్వమును మూగవోవును. అట్లు కాక చేపలవల వలె ప్రతి ముడిని చుట్టుపట్లనున్న ముడులతో కలిపినచో, నాలుగు ముడులు తెగినను వల వలగానే యుండును. వార్తను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కపై చేరవలసిన చోటు వ్రాసి విడిచినచో, ఏ దారి తెఱచియున్న ఆ దారిని అవి పోయి చేరును. ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్ అను పండితుడు బరాన్ సంగతి తెలియకయే ఇదే తలంపునకు వచ్చెను. ఆ ముక్కలకు ప్యాకెట్టు అను పేరు పెట్టినవా డతడే.

ఈ తలంపులు కార్యరూపము దాల్చిన దినము 1969వ సంవత్సరము అక్టోబరు 29. ఆ రాత్రి లాస్ ఏంజిలిస్ నగరపు విశ్వవిద్యాలయమున చార్లీ క్లైన్ అను విద్యార్థి, దాదాపు 350 మైళ్ళ దూరమున స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయమున నున్న యంత్రములోనికి ప్రవేశింప యత్నించెను. అందులకు ఇంగ్లీషున లాగిన్ అను మాటలోని అయిదక్షరములను కొట్టవలెను. మొదటి యక్షరము చేరెను; రెండవ యక్షరము చేరెను; ఇంతలో అవతలి యంత్రము కుప్పకూలెను. దానిని సరిచేసి, రమారమి ఒక గంటకు మరల యత్నింపగా పని నెఱవేఱెను. ఆ సంవత్సరాంతమునకు నాలుగు స్థానములు కలిసెను. ఆ వలకు ఆర్పానెట్ అని పేరు; నేటి ఇంటర్నెట్టునకు అది యమ్మమ్మ వంటిది. ఆ మొదటి సంభాషణ రెండక్షరములతోనే తెగిపోవుటలో ఒక పాఠము దాగియున్నది. నీవు బాగుగనే యున్నను అవతలివాడు పడిపోవచ్చును. పడిపోయెనో, చెవి యొగ్గియు బదులు పలుకుట లేదో, నడుమ తీగెయే తెగెనో ఇవతలనున్న నీకు వెంటనే తెలియదు.

ఈ పాఠమును 1975వ సంవత్సరమున అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అను మువ్వురు విద్వాంసులు ఒక సమస్యగా నిరూపించిరి. 1978వ సంవత్సరమున జిమ్ గ్రే అను పండితుడు దానికి ఇద్దఱు సేనానుల సమస్య యని పేరు పెట్టెను. రెండు కొండలపై ఒకే పక్షమునకు చెందిన ఇద్దఱు సేనానులున్నారు. నడిమి లోయలో శత్రువున్నాడు. ఇరువురును ఒకే వేళ పైబడినచో జయము. ఒక్కడే పైబడినచో నాశము. వార్తాహరుడు లోయను దాటి పోవలెను, దారిలో పట్టుబడవచ్చును. మొదటివాడు “రేపు తెల్లవాఱు జామున” అని కబురంపును. అది చేరెనో లేదో తెలియక అతడు కదలలేడు. రెండవవాడు “అందినది” అని బదులంపును. ఆ బదులు చేరెనో లేదో తెలియక ఇతడును కదలలేడు. దానికి మరల రసీదు, ఆ రసీదునకు మఱొక రసీదు. ఎన్ని రసీదులు నడచినను చివరిదానిని పంపినవానికి అనుమానము మిగిలియే యుండును. చివరి వార్త పోయినను ఫరవాలేదందుమా, అట్లైన దానిని పంపనే యక్కఱలేదు. అప్పుడు దాని ముందటి వార్తయే చివరిదగును. ఇట్లు వెనుకకు పోగా పోగా మొదటి కబురును అక్కఱలేదని తేలును. కాబట్టి నమ్మరాని దారిలో, ఎంత తెలివితోనైనను, సంపూర్ణ నిశ్చయము దొరకదు. ఇది యంత్రపు లోపము కాదు, లోక స్వభావము.

నిశ్చయము దొరకదని పని మానుకొనరాదు గదా. అందువలన రెండు ఉపాయములు వాడుకలోనికి వచ్చెను. మొదటిది: బదులు రానిచో కబురును మరల మరల పంపుట. అయితే “రామయ్య ఖాతా నుండి నూఱు రూపాయలు తీయుము” అను కబురు మూడుమాఱులు చేరినచో రామయ్యకు మున్నూఱు పోవును. కాబట్టి ప్రతి కబురునకు ఒక సంఖ్య వేసి, అదే సంఖ్య మరల వచ్చినచో “ఇది యిదివఱకే చేసితిని” అని ఊరకుండునట్లు ఏర్పాటు చేసిరి. రెండవది: రెండు చోట్ల జరుగవలసిన పనిని రెండు దశలుగా నడుపుట. మన పెండ్లి కుదుర్చు పెద్ద ఉభయ పక్షములను విడివిడిగా “మీకు సమ్మతమేనా” అని యడిగి, ఇరువురును ఔనన్న పిమ్మటనే తాంబూలములు మార్పించును. ఒకరు కాదన్నను మాట వెనుకకు పోవును. గ్రే వర్ణించిన పద్ధతియు నిట్టిదే. అయితే ఇరువురును ఔనన్న తరువాత, తాంబూలములకు ముందు, ఆ మధ్యవర్తియే కనుపింపకపోయినచో? ఇరుపక్షములును మాట యిచ్చి కట్టుబడి, ముందునకు పోలేక, వెనుకకు రాలేక కూర్చుండవలెను. ఈ లోపము ఆ పద్ధతిని చాలకాలము బాధించెను.

ఈ గ్రే పండితునికి 1998వ సంవత్సరమున ట్యూరింగ్ బహుమానము లభించెను. 2007వ సంవత్సరము జనవరి నెలలో నతడు తల్లి యస్థికలను సముద్రమున కలుపుటకై శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఒంటరిగా పడవలో పోయి, మరల రాలేదు. ఆకాశమునుండి ఉపగ్రహములు తీసిన సముద్రపు పటములను ముక్కలుగా కోసి వేలమందికి పంచి యిచ్చి, అతని పడవ కొఱకు వెదకించిరి. అది దొరకలేదు. పనిని పలువురకు పంచు విద్యకు జీవితము ధారవోసినవానిని వెదకుటకు ఆ విద్యయే వినియోగపడెను.

ఇక రెండవ చిక్కు కాలము. కరణములున్న దినములలో ఒక పొలమును ఒకే దినమున ఇద్దఱికి వ్రాసినట్లు తగవు వచ్చినచో, ఏ పత్రము ముందు వ్రాయబడెనని విచారించుచుండిరి. ఇరువురి గడియారములు సరిగా లేనిచో తగవు తీఱుట యెట్లు? సాధారణ గడియారము దినమునకు అరసెకను తప్పినను మనకు నష్టము లేదు; ఒక్క సెకనులో వేలకొలది పనులు చేయు యంత్రమునకు అరసెకను ఒక యుగము. 1978వ సంవత్సరమున లెస్లీ లాంపోర్ట్ అను నతడు ప్రకటించిన వ్యాసము ఈ విషయమున దారి చూపెను. వేళ యెంతయని యడుగుట మానుము, దేని తరువాత ఏది జరిగినదని మాత్రమే యడుగుము, అని దాని సారాంశము. ఉత్తరము వ్రాయబడిన తరువాతనే చేరును. చేరిన తరువాతనే దానికి బదులు వ్రాయబడును. ఇందులకు గడియారము అక్కఱలేదు. ప్రతి యంత్రము తన పనులకు వరుసగా అంకెలు వేసికొనవలెను. ఉత్తరముపై తన యంకెను వ్రాసి పంపవలెను. అందుకొన్నది తన యంకె దానికంటె తక్కువయైనచో దానిని మించునట్లు పెంచుకొనవలెను. ఇంత చిన్న నియమముతో కారణము ముందును కార్యము వెనుకను నిలుచును. ఒకదాని సంగతి యొకదానికి తెలియక జరిగిన రెండు పనులలో ఏది ముందని యడుగుట మాత్రము అర్థము లేని ప్రశ్న యని తేలెను. వానికి ఏదో యొక వరుసను మనమే యేర్పఱచి, అందఱును దానికి కట్టుబడవలెను. ఈ మహాశయునికిని 2013వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము వచ్చెను.

సూత్రములు ఇట్లు వెలువడుచుండగనే, 1980వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన ఆర్పానెట్ వల యంతయు కొన్ని గంటలసేపు స్తంభించిపోయెను. కారణము వినదగినది. ఆ వలలో ప్రతి స్థానము తన స్థితిని తెలుపు వార్తను ఇతర స్థానములకు పంపుచుండెను. ఏది క్రొత్త వార్తయో తెలియుటకు 0 మొదలు 63 వఱకు అంకెలు వేయుచుండిరి. 63 తరువాత మరల 0. గడియారపు ముఖముపై అంకెల వలె ఇవి చుట్టి వచ్చును గనుక, సగము చుట్టునకు మించక ముందున్న యంకెయే క్రొత్తదని నియమము. ఆ దినమున ఒక యంత్రపు జ్ఞాపకములో లోపము కలిగి, ఒకే వార్త 8, 40, 44 అను మూడంకెలతో వల లోనికి పోయెను. 40 కంటె 44 క్రొత్తది. 8 కంటె 40 క్రొత్తది. చుట్టు తిరిగి వచ్చుటచే 44 కంటె 8 క్రొత్తది! ఒకటి రాగానే వెనుకటిదానిని పాఱవేసి దీనిని అందఱికి పంపుటయు, వెంటనే మఱొకటి రాగా దీనిని పాఱవేయుటయు, కుక్క తన తోకను తాను తఱిమినట్లు ఆగక జరిగెను. వేఱు పనికి తీఱికయే లేకపోయెను. తుదకు ఆ యొక్క స్థానమునుండి వచ్చు వార్తలను వినవలదని ఇతర యంత్రములకు బోధించి ఆ సుడి నాపిరి. ప్రతి యంత్రము నియమము తప్పక నడచెను. అందువలననే అన్నియు చెడెను. ఒక్కరి పొరపాటు పదుగురి క్రమశిక్షణతో కలిసినప్పుడు ఎంత యనర్థము పుట్టునో ఆ దినమున లోకము చూచెను.

చచ్చిన యంత్రముకంటె అబద్ధమాడు యంత్రము ప్రమాదకరము. విమానమును నడుపు యంత్రములను గూర్చి పరిశోధించుచు పీస్, షోస్టాక్, లాంపోర్ట్ అను మువ్వురు 1980వ సంవత్సరమున ఈ ప్రశ్నను తీసికొనిరి. 1982వ సంవత్సరమున దానికి బైజాంటియపు సేనానుల కథ యని పేరు పెట్టిరి. మువ్వురిలో ఒకడు ద్రోహి యనుకొందము. పెద్ద నాకు “పైబడుము” అని చెప్పెను. నా తోడివాడు “నాతో పెద్ద వెనుదిరుగుమని చెప్పెను” అనుచున్నాడు. అబద్ధమాడినది పెద్దయా, తోడివాడా? నాకు తెలిసికొను మార్గము లేదు. నలుగురున్నచో ఒక్క ద్రోహిని సహింపవచ్చును, ఏలయనగా మిగిలినవారి మాటలను పోల్చి పెక్కురు చెప్పినదానిని గ్రహింపవచ్చును. ముద్రలు వేసిన సంతకములు లేనిచో ఒక ద్రోహికి నలుగురు, ఇద్దఱు ద్రోహులకు ఏడుగురు, మువ్వురికి పదుగురు కావలెనని వారు లెక్కకట్టి నిరూపించిరి.

1985వ సంవత్సరమున ఫిషర్, లించ్, పాటర్సన్ అను మువ్వురు మఱింత కఠినమైన సత్యమును చూపిరి. ద్రోహులే లేకున్నను, వార్త యెంత యాలస్యమగునో హద్దు లేనిచోట, ఒక్క యంత్రము చచ్చు నవకాశమున్నంత మాత్రముననే, పాచిక వేయుట వంటి యదృష్టమునకు చోటీయని యే పద్ధతియు “తప్పక ఒప్పందము కుదిరి తీఱును” అని హామీ యీయజాలదు. మూలకారణము సులభము: చచ్చినదానికిని, మిక్కిలి మెల్లగా నడచుదానికిని భేదము దూరమునుండి తెలియదు. పొరుగూరి బంధువు నుండి ఉత్తరము రానప్పుడు అతడు వ్రాయలేదో, వ్రాసినది దారిలో నున్నదో మనకు తెలియనట్లే.

అయినను మార్గము దొరికెను. అది మన పంచాయితీలు ఎఱిగిన మార్గమే: అందఱి సమ్మతికై వేచియుండక, సగమునకు మించినవారి మాటను నిర్ణయముగా గైకొనుట. అయిదుగురిలో మువ్వురు ఒప్పుకొన్న మాట నిలుచును. రేపు వేఱే మువ్వురు కూడినను, ఈ మువ్వురిలో ఒక్కడైనను అందులో తప్పక యుండును; అతడు నిన్నటి తీర్మానమును జ్ఞాపకము చేయును. కావున ఇద్దఱు రాకపోయినను పని సాగును, పాత తీర్మానము పోదు. మువ్వురు కూడనినాడు నిర్ణయము ఆగును గాని తప్పుడు నిర్ణయము జరుగదు. 1988వ సంవత్సరమున బ్రయన్ ఓకి, బార్బరా లిస్కోవ్ అనువారు ఈ దారిని ఒక పద్ధతిని ప్రకటించిరి. లాంపోర్ట్ తన పద్ధతిని పాక్సోస్ అను గ్రీకు దీవి యందలి శాసనసభ కథగా వ్రాసి 1990వ సంవత్సరమున ఒక పత్రికకు పంపెను. కథను తొలగింపుమని పరీక్షకులు సూచింపగా అతడు అంగీకరింపలేదు. ఆ వ్యాసము తుదకు 1998వ సంవత్సరమున అచ్చయ్యెను. నేడు పెద్ద పెద్ద వ్యవస్థల కనేకములకు ఆధారము ఆ పద్ధతియు, దాని సంతతియు.

ఇట్లుండగా 2000వ సంవత్సరమున ఎరిక్ బ్రూవర్ అను నాచార్యుడు ఒక యూహను ప్రకటించెను. దానిని 2002వ సంవత్సరమున గిల్బర్ట్, లించ్ అనువారు నిరూపించిరి. తీగె తెగి యంత్రములు రెండు గుంపులుగా విడిపోయినప్పుడు రెండింటిలో ఒకటియే సాధ్యము. మొదటిది, “నాకు సరియైన లెక్క తెలియదు, ఇప్పుడు బదులు చెప్పను” అని నిరాకరించి లెక్కను కాపాడుట. రెండవది, తెలిసినంతలో బదులు చెప్పి పంపి, తీగె కలిసిన తరువాత లెక్కలు సరిచూచుకొనుట. సత్యమును, సేవను రెంటిని ఆ వేళ ఒకచో నిలుపజాలము. 2007వ సంవత్సరమున అమెజాన్ వర్తక సంస్థవారు తమ పద్ధతిని వివరించుచు, కొనువాని బుట్టలో వస్తువు వేయుటను ఎన్నడును నిరాకరింపరాదని తాము నిశ్చయించుకొంటిమని తెలిపిరి; అందువలన తీసివేసిన వస్తువు ఒక్కొక్కప్పుడు బుట్టలో మరల కనుపించును. అది స్వల్ప నష్టము. కాని ఒకే బెర్తును ఇద్దఱికి అమ్మినచో, అర్ధరాత్రివేళ రైలులో తగవు పుట్టును. ఏ పనికి ఏది తగునని యెంచుటయే ఈ విద్యలో నసలైన వివేకము.

బెర్తు మాట వచ్చినది గనుక మన దేశపు సంగతి చెప్పెదను. వెనుకటి దినములలో రైలు రిజర్వేషను లన్నియు లావుపాటి పుస్తకములలో చేతివ్రాతతో నుండెను. తిరుగు ప్రయాణమునకు చోటు కావలసినచో ఆ యూరికి తంతివార్త పంపి, బదులునకై వేచియుండవలసివచ్చెను. అది ఇద్దఱు సేనానుల కథయే. 1985వ సంవత్సరమున న్యూఢిల్లీలో ఈ పనికి గణనయంత్రములను మొదటిమాఱు వినియోగించిరి. తరువాత ఇతర మహానగరములలోను యంత్రములు వెలసెను గాని, ఒక్కొక్కటియు ఒక్కొక్క దీవి. ఈ దీవులను కలుపుటకై రైల్వేవారి క్రిస్ సంస్థ కన్సర్ట్ అను వ్యవస్థను నిర్మించెను. అది 1994వ సంవత్సరమున మొట్టమొదట మన సికింద్రాబాదునందే వాడుకలోనికి వచ్చెను. 1999వ సంవత్సరమునకు ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు అను అయిదు కేంద్రములును ఒకదానితో నొకటి కలిసెను. దానితో ఒక యూరి కిటికీయొద్ద నిలుచుండి, వేఱొక కేంద్రపు పుస్తకములో నున్న రైలునందు చోటు కోరుట సాధ్యమయ్యెను. అడుగువాడు ఎక్కడ నున్నను, తుది మాట చెప్పు పుస్తక మొకటి యుండవలెను; ఆ పుస్తకమునకు దారి తెగినచో కిటికీయందలి గుమాస్తా “ఇప్పుడు కాదు” అనవలెను గాని, ఊహించి టిక్కెట్టు వ్రాసి యీయరాదు. ఆ నిరాకరణము మనకు విసుగు పుట్టించును గాని, బెర్తుపై ఇద్దఱు కూర్చుండకుండ కాపాడునదియు నదియే.

ఇప్పుడు మొదట చెప్పిన చౌకధరల దుకాణమునకు వత్తము. “సర్వరు పలుకుట లేదు” అను మాట వెనుక ఇంత చరిత్ర యున్నది. తీగె తెగియుండవచ్చును, వార్త ఆలస్యమై యుండవచ్చును, లెక్క చెడకుండుటకై యంత్రము కావలెననియే నోరు మూసికొని యుండవచ్చును. ఇందులో డీలరు దోషము లేకపోవచ్చును. కాని గ్రహింపవలసిన దొకటి యున్నది. తెగిన వేళ నిరాకరింపవలెనా, ఇచ్చి పంపి తరువాత సరిచూచుకొనవలెనా అను నిర్ణయము యంత్రము చేసినది కాదు. ముందుగనే ఎవరో మనుష్యులు కూర్చుండి చేసినది. అమెజానువారు తమ కొనుగోలుదారునకు కష్టము కలుగరాదని ఒక విధముగా నిర్ణయించుకొనిరి. రైల్వేవారు బెర్తు చెడరాదని మఱొక విధముగా. బియ్యము బెర్తు వంటిదా, బుట్ట వంటిదా? ఒక ముసలమ్మకు ఈ నెల బియ్యము రెండుమాఱులు ముట్టినచో ప్రభుత్వమునకు కలుగు నష్టము కొన్ని కిలోలు, అదియు మఱునాడు లెక్కలో తెలిసిపోవును. నాలుగు మైళ్ళు నడచి వచ్చి వట్టి సంచితో తిరిగిపోయినచో ఆమెకు కలుగు నష్టము ఆ పూట కూడు. ఈ రెంటిని త్రాసులో నుంచి తూచుట గణితము చేయలేదు.

యంత్రములు పడిపోవును, వార్తలు తప్పిపోవును, గడియారములు కలియవు. ఈ విద్యలో పండితులైనవారే దీనిని మొదట ఒప్పుకొని, తరువాత పనికి దిగిరి. కావున మీ గ్రామసభలో ఈ విషయము వచ్చినప్పుడు, సర్వరు ఎన్నడును ఆగరాదని యడుగుటకంటె, ఆగిన నాడు ఏమి చేయవలెనో వ్రాసి పెట్టితిరా యని యడుగుడు. కాగితముపై వ్రాసికొని ఇచ్చు ఏర్పాటున్నదా, వేలిముద్ర పడని వృద్ధులకు మఱియొక దారి యున్నదా, మఱునాడు లెక్క సరిచూచువా రెవరు అని యడుగుడు. సగము చచ్చినను సగము బ్రతికి పని నెఱవేర్చుటకే పలు యంత్రముల నుమ్మడి చేసిరి. ఆ సగము బ్రతుకు కడపటి గుమ్మము వఱకు చేరినదో లేదో చూడగలవారు ఆ గుమ్మమున నున్న మీరే.